ట్రెక్కింగ్‌కు తేలికపాటి గాలి పరుపును ఎంచుకోవడం ఎలా?

వీపున సంచి వేసుకొని రోజుల తరబడి నడిచేవారు స్లీపింగ్ ప్యాడ్, అంటే కింద పరచుకునే పరుపు, కొనేటప్పుడు ముందుగా దాని బరువెంతో అడుగుతారు. నిజానికి ముందు తేల్చుకోవలసింది పడుకునే చోట రాత్రి నేల ఎంత చల్లబడుతుందన్నది. స్లీపింగ్ బ్యాగ్ ఎంత మేలైనదైనా, అందులోని ఈకలో, కృత్రిమ పీచో శరీరం కింద నలిగి పలచబడిపోతాయి కనుక అడుగు వైపు అది వెచ్చదనం ఇవ్వలేదు. ఆ పని చేయవలసింది పరుపే. ఎన్ని కప్పుకున్నా వణుకు తగ్గకపోతే, కప్పుకున్నవాటిని తప్పుపట్టే ముందు పరచుకున్నదాన్ని ఒకసారి చూసుకోవాలి.

ఒంటి వేడి నేలలోకి పోకుండా పరుపు ఎంతవరకు ఆపగలదో ఆర్-వాల్యూ అనే అంకె చెబుతుంది. గాలి నింపిన పరుపును ఒక వేడి పలకకూ ఒక చల్లని పలకకూ మధ్య ఉంచి, వేడి పలక చల్లారకుండా ఉండేందుకు ఎంత శక్తి ఖర్చవుతుందో చూసి దీనిని లెక్కిస్తారు. ఏఎస్‌టీఎం ఎఫ్3340 అనే ఉమ్మడి కొలత ప్రమాణం 2018లో వెలువడక ముందు తయారీదారులు తలా ఒక పద్ధతిలో కొలిచేవారు కాబట్టి, పాత పరుపుల మీది అంకెలను కొత్తవాటితో పోల్చి చూడడంలో అర్థం లేదు. వెచ్చని వేసవి రాత్రులకు 2 లోపు సరిపోతుంది. చలి మొదలయ్యే, ముగిసే నెలల్లో 3 నుంచి 4 వరకు ఉండాలి. మంచు మీద పడుకోవాలంటే 5కు తగ్గకూడదు. ఈ విలువలు ఒకదానికొకటి కలుస్తాయి: 2 ఉన్న ఫోమ్ చాప మీద 3 ఉన్న గాలి పరుపు వేస్తే మొత్తం 5 అవుతుంది, పైగా ముళ్లూ రాళ్లూ ముందు ఆ చాపకే తగులుతాయి.

పరుపు మందంగా ఉంటే వెచ్చగా ఉంటుందనుకోవడం పొరపాటు. లోపల గాలి తప్ప మరేమీ లేని పరుపులో ఆ గాలి పైకీ కిందికీ తిరుగుతూ ఒంటి వేడిని నేలకు చేరవేస్తూనే ఉంటుంది. అందుకే ఎనిమిది సెంటీమీటర్ల మందం ఉన్నా అలాంటి పరుపు చలికి ఆగదు. ఈ కదలికను అడ్డుకోవడానికి లోపల సన్నని మెరుపు పొరలో, పీచో అమరుస్తారు. పొరలున్నవి ఇచ్చే వెచ్చదనానికి చాలా తేలిక, కానీ పక్కకు తిరిగినప్పుడల్లా చిప్స్ పొట్లం నలిపినట్టు చప్పుడు చేస్తాయి. నిద్ర పలచనివారు, టెంటులో మరొకరితో పడుకునేవారు ఆ చప్పుడును కొనకముందే ఒకసారి విని చూసుకోవడం మంచిది.

ఇక కొలతలు. సాధారణ వెడల్పు 51 సెంటీమీటర్లు, వెడల్పు రకంలో 64. బరువు తగ్గుతుందని ఒకసారి నేను సన్నదాన్నే తీసుకున్నాను. వెల్లకిలా పడుకున్నప్పుడు రెండు మోచేతులూ నేలకు జారి, చేతులు గుండెల మీద కట్టుకొని తెల్లవార్లూ గడపవలసి వచ్చింది. బరువు తగ్గించుకోవాలనుకుంటే వెడల్పు కంటే పొడవు తగ్గించడమే నయమని నా అభిప్రాయం. 120 సెంటీమీటర్ల పరుపు తుంటి దాటి మోకాళ్ల దాకా వస్తుంది, కాళ్ల కింద ఖాళీ చేసిన సంచిని పరచుకోవచ్చు. చలికాలంలో మాత్రం ఈ ఉపాయం పనికిరాదు.

ఒత్తిగిలి పడుకునే అలవాటున్నవారికి కనీసం ఏడు సెంటీమీటర్ల మందం కావాలి. దుకాణంలోనే గాలి నింపించి, పక్కకు తిరిగి పడుకొని, తుంటి కింద అరచేయి దూర్చి చూడండి: నేల గట్టిగా తగులుతుంటే ఆ పరుపు మీకు చాలదు. అయితే బిర్రుగా ఊదిన పరుపు మీద ఎవరికీ నిద్ర పట్టదు. దాని మీద పడుకొని, తుంటి కొద్దిగా దిగేవరకు గాలి వదలాలి.

మంచి పరుపులు 350 నుంచి 500 గ్రాముల మధ్య దొరుకుతున్నాయి. అంతకంటే తేలికైనవాటిలో తరచూ బట్ట పలచనిదై ఉంటుంది. 20 డెనియర్ (దారం మందాన్ని చెప్పే కొలత, అంకె పెరిగేకొద్దీ దారం మందం) బట్ట జాగ్రత్తగా వాడేవారికి చాలు. చోటు చూడకుండా పరిచేవారికి 30 లేదా 40 మేలు.

నోటితో ఊదితే తేమ లోపలికి చేరుతుంది కనుక గాలి నింపే సంచి వెంట ఉండాలి. సాయంత్రం 25 డిగ్రీల వద్ద నింపిన గాలి, తెల్లవారుజామున 5 డిగ్రీలకు చల్లబడేసరికి దాదాపు ఏడు శాతం కుంచించుకుపోతుంది. పరుపు మెత్తబడిందని వెంటనే చిల్లు పడిందనుకోకండి. ప్రయాణానికి ముందు ఇంట్లో ఒక రాత్రంతా నింపి ఉంచితే అసలు సంగతి తెలుస్తుంది. నిజంగా చిల్లు ఉంటే సబ్బు నీళ్లు రాసినచోట బుడగలు లేస్తాయి. అక్కడ పెన్నుతో సున్నా చుట్టి, బట్ట పూర్తిగా ఆరాకే అతుకు వేయాలి.