మొక్కజొన్న కోతకు పొట్టును కాదు, గింజ మొనను చూడండి

తెనాలి వైపు వరి కోసిన మాగాణిలో దున్నకుండానే మొక్కజొన్న వేసే ఊరు మాది. ఏప్రిల్లో కండె పొట్టు తెల్లబడగానే ఒకరిని చూసి ఒకరం కోత మిషన్‌కి ఫోన్ చేస్తాం. మూడేళ్ల కిందట నేనూ అలాగే చేశాను. పచ్చి గింజ మిషన్‌లో బాగా పగిలింది. రాత్రి రాశి మీద పట్టా కప్పి, తెల్లారి చెయ్యి పెడితే వేడి, పులిసిన వాసన. ఆ వాసన ఇప్పటికీ మర్చిపోలేను.

ఇప్పుడు గట్టు పక్క మొక్కలు వదిలేసి, చేను లోపల ఐదారు చోట్ల కండెలు ఒలిచి చూస్తాను. కొనన గింజ ముందే ముదురుతుంది, కాబట్టి నడిమి గింజ పీకాలి. బెండుకు అతుక్కునే మొనను గోటితో గీరితే నల్ల పొర కనపడాలి. పీచు వచ్చిన 50, 55 రోజులకు అది పడుతుంది. అప్పటికి తేమ 30 శాతం పైనే ఉన్నా, గింజ బరువు ఇక పెరగదు. ఇంకో వారం ఉంచితే దిగుబడి పెరుగుతుందనుకోవడం పొరపాటు, ఆ వారంలో పోయేది నీళ్లే.

అయినా ఆగేది మిషన్ కోసం, తేమ 20 శాతం దగ్గరికి రావాలని. ఈలోపు రోజూ మొక్క అడుగున కణుపుల మధ్య నొక్కి చూడండి. మెత్తగా లోపలికి పోతే గాలివానకు చేను పడుతుంది. అప్పుడు తేమ 25 ఉన్నా ఆగను, కండెలు విరిపించి పట్టాల మీద ఎండబెట్టి, తర్వాత పట్టిస్తాను.

పచ్చిగా అమ్మేటప్పుడు లెక్క వేసుకోండి. 25 శాతం తేమున్న 100 కిలోలు 14కి ఎండితే 87.2 కిలోలే. ఎండు గింజ క్వింటాలు 2,200 అయితే పచ్చిదానికి 1,918 సమానం. ఆరబెట్టే కూలి తీసేసి బేరం ఆడండి.

తేమ కొలిచే మీటర్ లేకపోతే పొడి సీసాలో గుప్పెడు గింజలు, రెండు చెంచాల పొడి ఉప్పు వేసి రెండు నిమిషాలు ఊపి, పావుగంట ఉంచండి. ఉప్పు గోడలకు అంటితే తేమ 15 దాటినట్టే, ఇంకా ఎండాలి. అంటకపోయినా ఎండ మీదున్న గింజను సంచుల్లో పోయకండి. సాయంత్రం చల్లారాకే పోయండి.