సవరణల తర్వాత మీ హక్కు రాజ్యాంగంలో ఎక్కడుందో చూసుకోవడం ఎలా?

పెందుర్తి వైపు నుంచి ఒక పెద్దాయన భూసేకరణ నోటీసుతో పాటు రాజ్యాంగం పాత ప్రతి ఒకటి పట్టుకుని మా దగ్గరకు వచ్చారు. అందులో 31వ అధికరణ కింద ఎర్ర సిరాతో గీత గీసి ఉంది. ఆస్తి తన ప్రాథమిక హక్కు కనుక నేరుగా సుప్రీంకోర్టుకే వెళతానన్నారు. ఆ అధికరణ 1979 జూన్ 20 నుంచి అమలులో లేదని చెప్పవలసి వచ్చినప్పుడు ఆయన ముఖంలోకి చూడలేకపోయాను.

అందుకే ముందుగా తాజా ప్రతిని దగ్గర పెట్టుకోండి. కేంద్ర న్యాయ మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్‌లో అది ఉచితంగానే దొరుకుతుంది. అధికరణను చదివి ఊరుకోకుండా, ఏ సవరణ చట్టం దానిని ఏ తేదీ నుంచి మార్చిందో పేజీ అడుగున చిన్న అక్షరాలలో ఉండే వివరణను కూడా చదవాలి. సవరణ చేసిన సంవత్సరం, అమలులోకి వచ్చిన తేదీ ఒకటే అనుకోరాదు. పిల్లల విద్యాహక్కును చేర్చిన 86వ సవరణ 2002 నాటిది కాగా, ఆ హక్కు అమలైంది 2010 ఏప్రిల్ 1 నుంచి.

తొలగించిన హక్కు మరో చోట ఉందేమో వెతకడం తర్వాతి పని. 1978 నాటి 44వ సవరణ ఆస్తిహక్కును ప్రాథమిక హక్కులున్న మూడో భాగం నుంచి తీసివేసి, చట్టం ఇచ్చిన అధికారంతో తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోరాదంటూ 300-ఎ అధికరణగా పన్నెండో భాగంలో ఉంచింది. దీని ఫలితం చాలా పెద్దది. 32వ అధికరణ కింద నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లడం ప్రాథమిక హక్కుల కోసమే గనుక, ఆస్తి విషయంలో మన విశాఖ వాసులు 226వ అధికరణ కింద అమరావతిలోని హైకోర్టులో రిట్ (హక్కును కాపాడమని కోరే పిటిషన్) వేయాలి. అంతమాత్రాన ఇది బలహీనమైన హక్కని నేను ఒప్పుకోను. నోటీసు ఇవ్వడం, అభ్యంతరం వినడం, కారణాలతో నిర్ణయం చెప్పడం, న్యాయమైన పరిహారం చెల్లించడం ఈ హక్కులో భాగమేనని 2024లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పైగా, అత్యవసర పరిస్థితిలో సైతం, నేరారోపణలో రక్షణనిచ్చే 20వ, ప్రాణానికీ వ్యక్తిగత స్వేచ్ఛకూ రక్షణనిచ్చే 21వ అధికరణల అమలును నిలిపివేయకుండా కాపాడినదీ ఆ 44వ సవరణే.

సవరణే హక్కును హరిస్తోందని తోస్తే, 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో 13 మంది న్యాయమూర్తుల ధర్మాసనం 7–6 తేడాతో ఇచ్చిన తీర్పును కొలమానంగా తీసుకోవాలి. పార్లమెంటు రాజ్యాంగంలోని ఏ భాగాన్నైనా సవరించవచ్చు గాని, దాని మౌలిక స్వరూపాన్ని చెరపరాదు.

ఇంతా తెలిసినా గడువు దాటిపోతే కష్టం. 2013 భూసేకరణ చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం, ప్రాథమిక నోటిఫికేషన్ వెలువడిన 60 రోజుల్లోగా కలెక్టరుకు రాతపూర్వకంగా అభ్యంతరం తెలపాలి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. పెద్దాయనకు అప్పటికే 41 రోజులు గడిచిపోయాయి. ఆ సాయంత్రమే అభ్యంతర పత్రం రెండు ప్రతులు రాయించాం. మర్నాడు ఒకటి కలెక్టరేట్‌లో ఇచ్చి, రెండో దానిపై తేదీతో ముద్ర వేయించుకుని, దానిని నోటీసుతో కలిపి కుట్టి ఇంటికి తీసుకెళ్లారు.