పన్నెండు మందికి బొగ్గుల మీద భోజనం: చింతపల్లి బీచ్‌కి బయల్దేరే ముందు

మా శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరం వైపు ఫార్మా కంపెనీల్లో టీమ్ లంచ్ అంటే హైవే మీద దాబాకి పోయి బిర్యానీ తిని వచ్చేయడమే. మందుల నాణ్యత పరీక్షించే మా క్యూసీ ల్యాబ్ వాళ్లకి మాత్రం బార్బెక్యూ పిచ్చి పట్టింది, బందోబస్తు నా నెత్తిన పడింది. పన్నెండు మందికి లెక్క చెప్తాను. మాది తూకాల బతుకు కాబట్టి గ్రాముల్లోనే ఉంటుంది.

ముందో మాట. కాల్చిన ముక్కతో ఎవరి కడుపూ నిండదు. పొయ్యి మీద ఒక్క వాయి కాలడానికి అరగంట పైనే. ఈలోగా నైట్ షిఫ్ట్ దిగి నేరుగా వచ్చినవాళ్లు "ఏటి మేడమ్, ఇంకా అవలేదా?" అంటూ చుట్టూ తిరుగుతారు. ఆ తొందరకి లోపల పచ్చిగా ఉన్న లెగ్ పీసు ప్లేట్లో పడుతుంది. అందుకని కిలోన్నర బియ్యం పులిహోర ఇంటి దగ్గరే కలిపి తీసుకెళ్లండి, ఇంకో కిలో తెల్లన్నం, పెరుగు, ఆవకాయ. బీచ్‌లో దిగగానే తలో గరిటె పులిహోర పెట్టేస్తే పొయ్యి దగ్గర గొడవుండదు.

కార్తీకంలో పెట్టకండి, సగం మంది నీచు ముట్టరు. శనివారం కూడా అంతే. సంక్రాంతి అయ్యాక వచ్చే ఆదివారాలు హాయి. డబ్బులు ముందే ఫోన్‌పే చేయించుకోండి. తిన్నాక అడిగితే అందరికీ నెట్‌వర్క్ పోతుంది.

ఇక పొయ్యి. మా ఇండస్ట్రియల్ ఏరియాలో పాత డ్రమ్ములకు కొదవలేదు, "అడ్డంగా కోయించేద్దాం మేడమ్" అనే ఉత్సాహవంతుడు ప్రతి టీమ్‌లోనూ ఒకడుంటాడు. సాల్వెంట్ (మండే రసాయన ద్రవం) డ్రమ్ము జోలికి పోనివ్వకండి. ఖాళీ అయినా లోపల ఆవిరి ఉంటుంది, కట్టర్ పెడితే పేలిపోవచ్చు. ఇటుకలు మూడు వైపులా పేర్చి, పైన వెల్డింగ్ షాపులో చేయించిన మామూలు ఇనప ఊచల జల్లెడ పెట్టుకోండి, రెండడుగులు బై అడుగున్నర చాలు. జీఐ మెష్ వద్దు, దాని మీది జింక్ పూత గట్టి వేడికి పొగై ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బొగ్గు ఇస్త్రీ బండివాళ్లు కొనే చోటే దొరుకుతుంది, ఆరు కిలోలు తీసుకోండి. పలాస వైపు వాళ్లెవరైనా జీడి తొక్కలు తెస్తామంటే దండం పెట్టి వద్దనండి. వాటి నూనె చర్మం మీద పడితేనే బొబ్బలెక్కుతుంది, ఆ పొగ ముక్కకి పట్టిస్తామా?

మసాలా ముందు రాత్రే పట్టించాలి. స్కిన్‌లెస్ ఫుల్ లెగ్స్ 4 కిలోలకి ఉప్పు 60 గ్రాములు, కారం 80, అల్లం వెల్లుల్లి ముద్ద 200, పసుపు 10, గరం మసాలా 30, చిక్కటి పెరుగు అరకిలో, ఆరు నిమ్మకాయలు, వేరుశనగ నూనె 100 మిల్లీలీటర్లు. ఎముక తగిలేదాకా మూడేసి గాట్లు పెట్టి, మసాలా వేలితో గాట్లలోకి నొక్కండి. పొద్దున్నే కొత్త థర్మకోల్ పెట్టెలో ఐసు పరిచి, దాని మీద డబ్బా.

చింతపల్లిలో లైట్‌హౌస్ కనిపించే చోట కూర్చోవాలని అందరికీ ఉంటుంది. కూర్చోండి గానీ పొయ్యి మాత్రం సరుగుడు తోటకి బాగా ఎడంగా, ఇసకలో పెట్టండి. రాలిన సరుగుడాకు నిప్పురవ్వకి భగ్గుమంటుంది. ఎండ ఎక్కేకొద్దీ గాలి సముద్రం మీంచి వీస్తుంది కాబట్టి మనుషులు పొయ్యికి సముద్రం వైపు కూర్చుంటే పొగ అవతలికి పోతుంది.

మంట ఉండగా ముక్క పెట్టకూడదు. బొగ్గుల మీద బూడిద పొర తెల్లగా కమ్మాక వాటిని ఒక పక్కకి ఎక్కువ, ఇంకో పక్కకి తక్కువ లాగండి. జల్లెడ ఎత్తులో అరచెయ్యి పెడితే నాలుగైదు సెకన్లు ఓర్చుకోగలగాలి. సగం కోసిన ఉల్లిపాయని ఫోర్కుకి గుచ్చి, నూనెలో ముంచి ఊచల మీద రుద్దితే ముక్క అంటుకోదు. ముందు వేడి పక్కన రంగు వచ్చేదాకా, తర్వాత బొగ్గులు తక్కువున్న పక్కన పాతిక నిమిషాలు తిప్పుతూ. నూనె కారి మంట లేస్తే నీళ్లు చల్లకండి, ముక్కని పక్కకి జరపండి. ఎముక పక్కన 74 డిగ్రీలు దాటాలి. కిచెన్ థర్మామీటర్ ఉంటే గుచ్చండి (ల్యాబ్‌ది తేవద్దు, మా పని మీద నిఘా పెట్టే క్యూఏ వాళ్లకి జవాబు చెప్పలేం). లేదంటే కీలు దగ్గర చాకు దింపితే వచ్చే నీరు ఎర్రగా ఉండకూడదు. పచ్చి ముక్కలు తెచ్చిన పళ్లెంలోనే కాలినవి వేయకండి.

శాకాహారులకి పొయ్యి వేరే, ఇంకో నాలుగు ఇటుకలు అంతే. లావుపాటి వంకాయలు ఆరు, పచ్చిమిరపకాయలు గుప్పెడు నేరుగా నిప్పుల్లో పడేసి, వంకాయ తొక్క నల్లబడి లోపల జావలా అయ్యాక ఒలిచి, ఉప్పు, చింతపండు, పచ్చి ఉల్లిపాయ ముక్కలు వేసి చేత్తో పిసకండి. తెల్లన్నం తెచ్చింది దీనికే. చికెన్ తినేవాళ్లు కూడా ఈ గిన్నె చుట్టూ చేరతారు, కాబట్టి శాకాహారులకి ముందే తీసిపెట్టండి.

బయల్దేరేటప్పుడు నిప్పుల మీద ఇసక కప్పేసి వచ్చేయకండి. లోపల గంటలకొద్దీ కణకణలాడుతూనే ఉంటాయి, వలలు లాగే ఊరి పిల్లలు చెప్పుల్లేకుండా తిరుగుతారు. రెండు బిందెల నీళ్లు పోసి, కెలికి, మళ్లీ పోయండి. ఆవిరి ఆగాక ఇటుకలు ఎత్తుకోవచ్చు.