చియాంగ్‌మైలో బండి రంగు చూసి ఎక్కండి

ఉత్తర థాయ్‌లాండ్‌లోని చియాంగ్‌మై వెళ్తే సిటీ బస్సు కోసం ఎదురుచూడకండి. అక్కడ సాంగ్‌థెవ్‌లదే రాజ్యం. పేరుకి అర్థం 'రెండు వరసలు': పికప్ బండి వెనకాల ఎదురెదురుగా రెండు బల్లలు, మన షేర్ ఆటోకి పెద్దన్న లెండి. ఎర్రవి ఊళ్లో తిరుగుతాయి. చెయ్యెత్తి ఆపి, వెళ్లాల్సిన చోటు చెప్పండి. డ్రైవర్ తలూపితే రేటు అడిగి ఎక్కడమే. మీరొక్కరే ఉంటే బండి మొత్తం మాట్లాడుకున్నట్టు లెక్కేసేస్తారు కొందరు. పక్క ఊళ్లకైతే తెల్లవి శాన్‌కాంఫేంగ్ వైపు, నీలివి లాంఫూన్‌కి.

బస్టాండ్ విషయంలో మాత్రం జాగ్రత్త. ఫాంగ్, థాటన్ లాంటి చియాంగ్‌మై ప్రావిన్సు ఊళ్లకి చాంగ్‌ఫుయక్ స్టాండ్. బ్యాంకాక్, చియాంగ్‌రాయ్‌లకి ఆర్కేడ్. రెండూ పక్కపక్కన ఉండవు, పెట్టె లాక్కుంటూ నడిచే దూరం అసలే కాదు.