ఇంజన్ బిల్డింగ్ పాఠాలు – 4: నైట్రస్ ఇంజన్‌కి హెడ్ బోల్టా, స్టడ్డా?

పోయిన పాఠంలో హెడ్ గ్యాస్కెట్ (హెడ్డుకూ బ్లాకుకూ మధ్య సీలు) ఎంచుకున్నాం. ఈసారి దాన్ని నొక్కి పట్టి ఉంచే బోల్టులు, స్టడ్ల (తల లేకుండా రెండు కొసలా మర ఉన్న కడ్డీల) సంగతి చూద్దాం. రేణిగుంట రోడ్డులో ఏ మెకానిక్‌ని కదిలించినా, "12.9 బోల్టు వేసి గట్టిగా బిగిస్తే హెడ్డు ఎట్లా లేస్తాదన్నా?" అంటాడు. (12.9 అంటే బోల్టు బలం చెప్పే గ్రేడు, అంకె పెద్దదైతే బలం ఎక్కువ.) ఆ ప్రశ్నకు జవాబు తెలిస్తే ఈ పాఠం సగం అయిపోయినట్టే.

ముందు లెక్క వేద్దాం. బోరు 75 మి.మీ. అనుకోండి. దాని వైశాల్యం 4,418 చదరపు మి.మీ. మామూలుగా పీక్ ప్రెషర్ (సిలిండర్‌లో మంట వల్ల వచ్చే గరిష్ఠ ఒత్తిడి) 70 బార్ అనుకుంటే హెడ్డును పైకి తోసే బలం 3 టన్నులకు కాస్త పైన. నైట్రస్ (ఇంజన్‌లో ఎక్కువ ఇంధనం మండేలా చేసే నైట్రస్ ఆక్సైడ్ వాయువు) కొట్టాక అది 110 బార్‌కి చేరితే దాదాపు 5 టన్నులు. ఇటు 10.9 గ్రేడు ఎం10 బోల్టు శాశ్వతంగా సాగిపోకుండా 4.9 టన్నుల దాకా తట్టుకుంటుంది. అందులో 75 శాతానికి బిగిస్తే ఒక్కోటి 3.7 టన్నులు. సిలిండర్ చుట్టూ ఉన్న నాలుగూ కలిపితే 14 టన్నుల పైమాటే. మరి 5 టన్నుల దెబ్బకు గ్యాస్కెట్ ఎందుకు పోతుంది?

ఆ 14 టన్నులు కాగితం మీదే ఉన్నాయి గనుక. రెంచ్‌తో మనం పెట్టే టార్క్‌లో సుమారు 90 శాతం రాపిడికే ఖర్చయిపోతుంది: తల కింద దాదాపు సగం, మరల్లో ఇంకో 40 శాతం. మిగిలిన పదో వంతే బోల్టును సాగదీసి బిగువు తెస్తుంది. ఒక బోల్టుకు నూనె రాసి, పక్కదానికి మరిచిపోయినా రెంచ్ రెండింటికీ ఒకేలా క్లిక్‌మంటుంది. బిగువు మాత్రం పాతిక శాతం అటూ ఇటూ అవుతుంది. గ్యాస్ ముందు దారి వెతుక్కునేది ఆ వదులు బోల్టు పక్కనే. పైగా గ్యాస్కెట్ ఫైర్ రింగు (బోరు చుట్టూ ఉండే సీలు అంచు) ప్రెషర్ పీక్‌లో ఉన్నప్పుడు కూడా నొక్కుడులోనే ఉండాలి. 14లో పెద్ద వాటా దానికే పోతుంది. ఇక నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి దానంతటదే పేలడం) మొదలైతే 110 బార్ అన్న లెక్కే చెల్లదు. అందుకే 50 హార్స్‌పవర్ షాట్‌కి (నైట్రస్‌తో కలిపే అదనపు శక్తికి) స్పార్క్ టైమింగ్ 2 డిగ్రీలు వెనక్కి తీయడం ముందు, స్టడ్లు తర్వాత. ఈ వరస తప్పొద్దు.

ఇప్పుడు అసలు ఎంపిక. బోల్టు బిగిస్తున్నప్పుడు సాగుతూనే మెలి కూడా తిరుగుతుంది. దాని బలంలో కొంత ఆ మెలికే పోతుంది. స్టడ్డు ముందే బ్లాకులో దిగి కూర్చుంటుంది, తిరిగేది పైన నట్టే, అదీ సన్న మర మీద. అందువల్ల బిగువు అన్నిటిలో దగ్గరదగ్గరగా వస్తుంది. హెడ్డు ఎన్నిసార్లు విప్పినా బ్లాకులో మర అరగదు. అల్యూమినియం బ్లాకైతే నేను ఇంకేమీ ఆలోచించను, స్టడ్లే. ఫ్యాక్టరీ బోల్టులు చాలా ఇంజన్లలో డిగ్రీలు లెక్కపెట్టి బిగించే, ఒకసారి సాగితే మళ్లీ పనికిరాని రకం. వాటిని విప్పాక తిరిగి వేయకండి.

మెటీరియల్ విషయానికొస్తే, ఏఆర్‌పీ (రేసింగ్ బోల్టులు, స్టడ్లు చేసే కంపెనీ) వాళ్ల 8740 క్రోమోలీ ఉక్కు రకం 1,240 మెగాపాస్కల్స్ పైన తట్టుకుంటుంది. చిన్న నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో 50 షాట్‌కి అది చాలు. అంతకు మించి పోతే ఏఆర్‌పీ2000, సుమారు 1,500. ఎల్19 ఇంకా బలం, దాదాపు 1,800, కానీ మన ఊళ్లో నేను దాన్ని వద్దంటాను. తేమ, ఉప్పు తగిలితే ఆ ఉక్కులోకి హైడ్రోజన్ చేరి, బిగించిన తర్వాత ఏ హెచ్చరికా లేకుండా పుటుక్కున విరగొచ్చు. మే నెలలో తిరుపతి షెడ్డులో చెమట కారని చెయ్యి ఎవరిది? గ్లవ్స్ వేసుకుని, నూనె పూతతోనే పెట్టే ఓపిక ఉంటేనే దాని జోలికి వెళ్లండి. హార్డ్‌వేర్ షాపులో దొరికే 12.9 అలెన్ బోల్టు మాత్రం ఈ పనికి పుట్టింది కాదు. గ్రేడు ఒక్కటే చూసి కొనొద్దు. స్టడ్‌తో వచ్చే గట్టి వాషర్‌ని వదిలేయకండి. అది లేకపోతే నట్టు అల్యూమినియం హెడ్డులోకి దిగబడి బిగువు తగ్గిపోతుంది.

కొన్నాక బ్లాకు రంధ్రం దగ్గరకు రండి. ట్యాప్ (కొత్త మర కోసే పనిముట్టు) కొట్టొద్దు, అది మంచి మరను కూడా చెక్కేస్తుంది. మర శుభ్రం చేసే చేజర్ వాడండి. అడుగు మూసి ఉన్న రంధ్రంలో నూనెగానీ కూలెంట్‌గానీ మిగిలితే స్టడ్డు దిగేటప్పుడు అది నొక్కుకుని బ్లాకునే పగలగొట్టొచ్చు. గాలితో ఊది, గుడ్డ చుట్టిన పుల్ల పెట్టి అడుగు పొడిగా ఉందో లేదో చూడండి. రంధ్రం నీటి జాకెట్‌లోకి తెరుచుకుంటే మరకు సీలెంట్ రాయాలి. స్టడ్డును చేత్తోనే దించండి, రెంచ్ వద్దు. నట్టు మరకూ వాషర్ పైనా తయారీదారు చెప్పిన లూబ్రికెంటే వాడాలి. వాళ్లిచ్చే టార్క్ అంకె ఆ లూబ్రికెంట్‌కి లెక్కవేసిందే, ఇంజన్ ఆయిల్‌కి వేరే అంకె ఉంటుంది.

ఒక మాట చెప్పి తీరాలి. నైట్రస్ పెట్టిన బండి ఘాట్ రోడ్డుకు కాదు. నైట్రస్ పరీక్షలన్నీ చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై లాంటి ట్రాక్ మీదే.

ఈ వారం పని: మీ బ్లాకులో ప్రతి హెడ్ బోల్టు రంధ్రం లోతు, మర పిచ్, అడుగు మూసి ఉందా నీటిలోకి తెరిచి ఉందా అన్నది పట్టీ రాసుకోండి. స్టడ్ కిట్ ఆర్డర్ చేసే ముందు ఆ కొలతలు సరిపోల్చాలి. వచ్చే పాఠంలో బిగింపు వరుస, మూడు దశల టార్క్, ఇంజన్ మొదటిసారి వేడెక్కి చల్లారాక మళ్లీ చెక్ చేయడం.