సెల్ఫ్ తిరుగుతోంది, కారు స్టార్ట్ అవట్లేదు: పాత కారు కొన్న కొత్తవాళ్ళకు

మొన్న శనివారం ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఒక తమ్ముడు 2004 హోండా సివిక్‌లో కూర్చుని తాళం తిప్పుతూనే ఉన్నాడు. డల్లాస్ వచ్చి ఇంకా రెండు నెలలు కాలేదు. సెల్ఫ్ బలంగా తిరుగుతోంది, ఇంజిన్ మాత్రం అందుకోవట్లేదు. నేను కిందికి దిగేసరికి ఫోన్‌లో కొత్త బ్యాటరీ ధర చూస్తున్నాడు. వచ్చిన కొత్తలో నేనూ అదే పని చేశాను కాబట్టి ఇది రాస్తున్నాను.

నాది 1999 సివిక్. జూలై మధ్యాహ్నం ఎండలో పెట్టి, సరుకులు కొనుక్కుని వచ్చేసరికి స్టార్ట్ అవలేదు. రాత్రి ఏమీ జరగనట్టు స్టార్ట్ అయింది. మర్నాడు మళ్ళీ అదే కథ. బ్యాటరీ మార్చాను, స్పార్క్ ప్లగ్‌లు మార్చాను, రెండుసార్లు టోయింగ్‌కు కట్టాను. ఒక గ్యారేజీలో ఫ్యూయల్ పంపు పోయిందన్నారు. అదీ మార్పించాక మూడో రోజు మళ్ళీ నడిరోడ్డు మీదే. సెమిస్టర్ ఖర్చులకని ఇంట్లో ఇచ్చిన డబ్బు అది. నాన్నకు ఫోన్ చేసి ఇంకా కావాలని అడగడానికి నోరు రాలేదు.

చివరికి తేలింది, పోయింది మెయిన్ రిలే అని. డ్యాష్‌బోర్డు కింద ఉండే చిన్న డబ్బా, ఫ్యూయల్ పంపుకు కరెంటు వెళ్ళేది దీని గుండానే. 90ల నాటి హోండాల్లో దాని లోపలి సోల్డర్ (వైర్లను అతికించే టంకం) ఏళ్ళ తరబడి వేడికి పగులుతుంది. కారు లోపల కాగిపోతే ఆ పగులు విడిపోయి పంపుకు కరెంటు ఆగిపోతుంది, చల్లబడితే మళ్ళీ అతుక్కుంటుంది. మధ్యాహ్నం మొరాయించి రాత్రి నడిచింది అందుకే.

కాబట్టి నా మాట వినండి. సెల్ఫ్ గట్టిగా తిరుగుతుంటే బ్యాటరీ జోలికి పోకండి. ఇంజిన్‌ను తిప్పగలుగుతోందంటే దానికి శక్తి ఉన్నట్టే. ముందు తలుపులు వేసి, ఏసీ, రేడియో ఆపేయండి. తాళం ఆన్‌లో పెట్టండి, సెల్ఫ్ కొట్టకండి. వెనక సీటు వైపు చెవి పెట్టండి. రెండు సెకన్లపాటు గుయ్‌మని సన్నటి శబ్దం రావాలి. అది ట్యాంకులోని పంపు. ఆ రెండు సెకన్లు వినకుండా ఎవరికీ ఫోన్ చేయకండి, ఏమీ కొనకండి. శబ్దం లేకపోతే ఫ్యూజు, రిలే, పంపు, ఈ వరసలో చూడాలి. చవకైనది ముందు, ఖరీదైనది ఆఖరున. నాకు అంతా తలకిందులుగా జరిగింది. పాత టయోటాలు కొన్నిటిలో సెల్ఫ్ తిరుగుతున్నప్పుడే పంపు పనిచేస్తుంది. వాటికైతే ఒకరు తాళం తిప్పుతుంటే ఇంకొకరు ట్యాంకు దగ్గర వినాలి. పాత ఫోర్డ్‌లలో చిన్న గుద్దు తగిలినా పంపును ఆపేసే స్విచ్ ఒకటి ఉంటుంది. దాని మీద బటన్ నొక్కితే మళ్ళీ కలుస్తుంది. నొక్కేముందు పెట్రోలు ఎక్కడా కారట్లేదని చూసుకోండి.

పంపు వినిపిస్తోంది, అయినా స్టార్ట్ అవట్లేదా? సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు ఆర్‌పీఎం ముల్లు చూడండి. చాలా కార్లలో అది కాస్తయినా కదలాలి. అసలు కదలకపోతే, ఇంజిన్ తిరుగుతోందని కారు కంప్యూటర్‌కు చెప్పే క్రాంక్ సెన్సర్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. 1996 మోడల్ నుంచి ఇక్కడ అమ్మిన పెట్రోలు కార్లకు డ్యాష్‌బోర్డు కింద, ఎక్కువగా స్టీరింగ్ వైపు, స్కానర్ (కారు కంప్యూటర్ గుర్తించిన లోపాలను చదివే పరికరం) పెట్టే సాకెట్ ఉంటుంది. స్కానర్ ఉన్న స్నేహితుణ్ణి పిలవండి.

తాళం మాత్రం ఆపకుండా తిప్పకండి! 15 సెకన్లకు మించి ఒక్కసారి కూడా వద్దు. స్టార్టర్ కాలిపోతుంది, ఇంజిన్ పెట్రోలుతో తడిసిపోతుంది. తడిసిందనిపిస్తే యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచి ఒకసారి సెల్ఫ్ కొట్టండి. చాలా కార్లలో అలా చేస్తే పెట్రోలు ఆగి గాలి మాత్రమే వెళ్తుంది. సెల్ఫ్ ఎప్పటికన్నా తేలిగ్గా, వేగంగా తిరుగుతుంటే టైమింగ్ బెల్టు తెగి ఉండొచ్చు. అప్పుడు ఇంకొక్కసారి కూడా తిప్పకుండా మెకానిక్ దగ్గరికి లాగించుకెళ్ళండి.

ఇంతా చెప్పాక ఒక మాట ఒప్పుకోవాలి. సెల్ఫ్ తిరిగే కారులో చాలాసార్లు పోయేది చిన్న వస్తువే. నా రిలే మార్చడానికి అరగంట పట్టింది. ఆ తర్వాత ఆ సివిక్ నాకు నాలుగేళ్ళు నడిచింది. కారు ఆగినంత మాత్రాన ఇక్కడికి రావడమే తప్పు అనుకునేంత టెన్షన్ అక్కర్లేదు.

ఆ తమ్ముడి కారుకు రిలే కూడా బాగానే ఉంది. డ్యాష్‌బోర్డు మీద ఆకుపచ్చ తాళం గుర్తు మిణుకుతోంది. అతని చేతిలో ఉన్నది హార్డ్‌వేర్ షాపులో కోయించిన డూప్లికేట్. అందులో చిప్ లేదు. తాళంలోని చిప్‌ను గుర్తుపట్టకపోతే సెల్ఫ్ తిరిగినా ఈ కారు స్టార్ట్ అవదు. అసలు తాళం రూమ్మేట్ దగ్గర ఉంది, అతను క్యాంపస్‌కు వెళ్ళాడు. సాయంత్రం తిరిగొచ్చి ఆ తాళం పెట్టగానే మొదటిసారికే స్టార్ట్ అయింది. రెండో తాళం కావాలంటే చిప్ ఉన్నదే కొని, డీలర్ దగ్గరో తాళాలు చేసేవాళ్ళ దగ్గరో కారుకు ప్రోగ్రామ్ చేయించుకోండి.