కడుపుతో ఉన్నప్పుడు జుట్టు సంగతి

నాలుగో నెల దాటాక జుట్టు ఒత్తుగా కనిపిస్తే అది నూనె మహిమ కాదు, ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ పెరిగి రాలాల్సిన వెంట్రుకలు ఆగిపోతాయి, అంతే. కాన్పు అయిన 3 నెలలకు అవే గుప్పెళ్లుగా రాలుతాయి. టెన్షన్ వద్దు, చాలామందికి ఏడాదిలోపు మళ్లీ సర్దుకుంటుంది.

నల్గొండ జిల్లా మునుగోడు, దేవరకొండ వైపు బోరు నీళ్లతో తలకు పోసుకుంటే నురగ సరిగ్గా రాదు, ఆరాక జుట్టు బిరుసుగా చిక్కులు పడుతుంది, కాబట్టి కనీసం చివరి రెండు చెంబులైనా మిషన్ భగీరథ నల్లా నీళ్లు పోసుకోండి. కుంకుడుకాయలైతే గింజలు తీసి రాత్రే నానబెట్టి, పొద్దున పిసికి, బట్టలో వడగట్టండి, లేకపోతే పిప్పి జుట్టులో ఇరుక్కుంటుంది. వేడినీళ్లు కాదు, గోరువెచ్చనివి. ఏడో నెల తర్వాత వంగి పోసుకోవద్దు, స్టూలు మీద కూర్చుంటే అత్తమ్మో అమ్మో పోస్తారు (ఈ టైంలో కూడా మొహమాటం ఎందుకు?).

రంగు వేసుకోవాలనిపిస్తే మొదటి 3 నెలలు ఆగండి. స్ట్రెయిటెనింగ్, కెరాటిన్ మాత్రం అసలు వద్దు, వాటిలో కొన్నింటి నుంచి ఫార్మాల్డిహైడ్ అనే హానికర రసాయనం ఆవిరిగా వస్తుంది. జుట్టు రాలకుండా రాసే మినాక్సిడిల్ వాడుతుంటే ఆపేసి డాక్టరుకు చెప్పండి. సీమంతానికి నల్ల మెహందీ కోన్ తెస్తే వద్దనండి, పెరట్లో గోరింటాకు చాలు.

పేలు పడితే ముందు తడి జుట్టుకు పేల దువ్వెన, మందు డాక్టర్ని అడిగాకే. ఆశమ్మ ఇచ్చే ఐరన్ మాత్ర చాయ్‌తో వేసుకోకండి, ఒంటికి సరిగ్గా పట్టదు, నిమ్మరసంతో మేలు.